ఆ ఎంబ్లెమ్‌ను యాసిడ్‌లో ముంచనివ్వకండి

ప్రశ్న: నా దగ్గర 1950ల మధ్యకాలం నాటి కారు ఉంది. ఇంజిన్, బాడీ, పెయింట్ అన్నీ అయిపోయాయి, ఎంబ్లెమ్‌ల దగ్గరకొచ్చి పని ఆగిపోయింది. బానెట్ ముందున్న ఎంబ్లెమ్‌కి లోహపు చట్రం, దాని మధ్యలో ఎర్రటి పారదర్శక ప్లాస్టిక్ బిళ్ళ, బిళ్ళ లోపల బంగారు రంగు చిహ్నం ఉంటాయి. చట్రం మీద క్రోమ్ పొక్కులు లేచింది, బిళ్ళ పగుళ్ళు బారింది. ఫెండర్ల మీద కారు పేరు కలిపిరాత అక్షరాల్లో ఉంటుంది. కుడివైపుది బాగానే ఉంది, వెనక మూడు పిన్నుల్లో ఒకటి మాత్రం విరిగింది. ఎడమవైపుది అసలు లేదు. రెండేళ్ళుగా వెతుకుతున్నాను, దొరకలేదు. కొత్తగా చేసి అమ్మేవి చూశాను, అక్షరాల వంపులు తేడాగా ఉన్నాయి. ఒకరు త్రీడీ ప్రింట్ తీయించి క్రోమ్ స్ప్రే కొట్టమంటారు, ఇంకొకరు ఇత్తడిలో పోత పోయించమంటారు, ప్లేటింగ్ చేసేవాళ్ళేమో "ఇచ్చేయండి, యాసిడ్‌లో వేసి శుభ్రం చేసి కొత్త పూత వేసిస్తాం" అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు ఆ ప్లేటింగ్ వాళ్ళ మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతావి ఎన్నాళ్ళైనా ఆగుతాయి, అది మాత్రం ఒక్కసారి జరిగితే వెనక్కి రాదు. ఇవ్వకండి. కనీసం ఇప్పుడే ఇవ్వకండి.

నేనూ ఒకసారి ఇచ్చాను. డిక్కీ మీది ఎంబ్లెమ్, నా దగ్గరున్నది ఒక్కటే, దానికి ఫొటో కూడా సరిగ్గా తీసుకోలేదు. వారం తర్వాత కవర్లో పెట్టి చేతికిచ్చారు. అంచులు సన్నబడిపోయాయి, చిన్న అక్షరాలు సబ్బుబిళ్ళ మీది పేరులా అరిగిపోయాయి, వెనక పిన్నులు రెండు లేనే లేవు. "ముందే పాడైపోయి ఉంది సార్" అన్నారు. వాళ్ళు మోసగాళ్ళేం కాదు. రోజూ ఉక్కు బంపర్లు, ఇత్తడి సామాను చేసే చేతులు, ఇది కూడా అలాంటిదే అనుకున్నారు. ఇది ఏ లోహమో నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.

ఆ లోహం జింకు. మీ కారు కాలంలో చట్రాలు, పేర్లు చాలావరకు జింకు మిశ్రమాన్ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపి పోత పోసినవే. 4 శాతం దాకా అల్యూమినియం కలిసిన ఈ మిశ్రమాల కుటుంబానికి జామాక్ అని పేరు, 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ తయారుచేసింది. 390 డిగ్రీల లోపే కరిగిపోతుంది కాబట్టి ఉక్కు అచ్చు ఎక్కువ కాలం మన్నుతుంది, సన్నటి గీతలు కూడా చక్కగా పడతాయి, అందుకే కార్ల కంపెనీలకు అంత నచ్చింది. కానీ జింకుకి ఒక గుణం ఉంది. యాసిడ్‌లోనూ కరుగుతుంది, గాఢమైన కాస్టిక్ సోడాలోనూ కరుగుతుంది. పాత క్రోమ్ తీయడానికి ప్లేటింగ్ షాపుల్లో వాడేవి సాధారణంగా ఈ రెండే. పూత పగలకుండా గట్టిగా ఉన్నంతసేపూ లోపలి జింకు క్షేమం. మీ చట్రం మీద పొక్కులున్నాయంటే పూతకు అప్పటికే వంద చిల్లులు పడ్డాయని అర్థం, ద్రావణం వాటిలోంచి లోపలికి దూరి లోహాన్ని తినేస్తుంది.

మీది జింకేనా అని సందేహం ఉంటే పరీక్ష తేలిక. అయస్కాంతం అంటుకుంటే ఉక్కు. అంటుకోకపోతే వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి, తర్వాత అదే త్రాసు మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నా చేసి, ఎంబ్లెమ్‌ను దారంతో కట్టి గిన్నె అడుగు తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. ఇప్పుడు త్రాసు చూపించే గ్రాములే దాని ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. మొదటి బరువును దీనితో భాగించండి. 6.6 దగ్గర వస్తే జింకు మిశ్రమం, 8.5 దగ్గరైతే ఇత్తడి, 2.7 అయితే అల్యూమినియం, 1 కంటే కాస్త ఎక్కువ అంతే అయితే పూత వేసిన ప్లాస్టిక్. చట్రాన్ని తూచేటప్పుడు బిళ్ళ తీసేసి తూచండి, లేకపోతే లెక్క తప్పుతుంది. వెనకవైపు గీకి చూసే పద్ధతీ ఉంది, కానీ క్రోమ్ కింద నికెల్, దాని కింద రాగి ఉంటాయి కాబట్టి కాస్త గీకగానే ఎర్రగా కనిపించి రాగి అనో ఇత్తడి అనో పొరబడతారు. త్రాసు పొరబడదు.

ఇంకో సంగతి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి జింకు పోతల్లో సీసం, తగరం లాంటి మలినాలు ఎక్కువైతే లోహం లోపలినుంచే పగిలి, ఉబ్బి, బిస్కెట్‌లా పొడిపొడి అయిపోతుంది. దాన్ని ఏ పూతా కాపాడలేదు. 1950ల నాటికి శుద్ధమైన జింకు వాడటం అలవాటైంది, కాబట్టి మీ పొక్కులు చాలామటుకు పైపై జబ్బే. చట్రాన్ని కాస్త వంచినట్టు ఒత్తి చూడండి, మెల్లగానే సుమా. చిట్లుతున్న చప్పుడు రాకపోతే దాన్ని బాగుచేయొచ్చు.

ఇక కాపీ తీయడం. అందరూ మొదట అడిగేది ఏ యంత్రం, ఏ లోహం అని. నేను మొదట అడిగేది మీ కారుకి నిజంగా ఇదే ఎంబ్లెమా అని. డెబ్బై ఏళ్ళలో ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ బండిలోంచి తీసి పెట్టారో ఎవరికి తెలుసు. కంపెనీలు ఏడాదికోసారి ఎంబ్లెమ్ మార్చిన రోజులవి. ఇటలీ కార్ల కంపెనీ ఆల్ఫా రోమియో సంగతే తీసుకోండి. యుద్ధం తర్వాత 1946 నుంచి కొన్నేళ్ళు వాళ్ళ బ్యాడ్జ్ మామూలు రంగులు లేకుండా ఎరుపు మీద లోహపు గీతలతోనే వచ్చింది, 1950లో మళ్ళీ రంగులు పడ్డాయి, 1972లో మిలానో అన్న మాట ఎగిరిపోయింది. 1948 కారుకి 1960ల బ్యాడ్జ్ పెట్టి మురిసిపోయేవాళ్ళని చూశాను, పెట్టిన ఖర్చూ పడిన శ్రమా అంతా పక్కింటి పిల్లాడి ఫొటో మనింటి ఆల్బమ్‌లో అతికించినట్టయింది. రోల్స్ రాయిస్ అక్షరాలు 1930ల మొదట్లో ఎరుపు నుంచి నలుపుకు మారితే, కంపెనీ స్థాపకుల్లో ఒకరైన రాయిస్ చనిపోయినందుకు సంతాపంగా మార్చారని ఒక కథ పుట్టింది. అది కథే, కానీ తేదీ దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పడానికి పనికొస్తుంది. మీ మోడల్ విడిభాగాల పుస్తకం, ఆ ఏడాది అమ్మకాల బ్రోషర్, అప్పటి నలుపు తెలుపు ఫొటోలు దొరికితే పక్కన పెట్టుకోండి. పోత వెనకవైపు సాధారణంగా భాగం నంబరు అచ్చుపోసి ఉంటుంది, దాన్ని పుస్తకంలో నంబరుతో సరిచూడండి.

రెండేళ్ళు వెతికానన్నారు. ఏం వెతికారు? కొనడానికే కదా. ఈసారి అరువుకి వెతకండి. అదే మోడల్ కారున్నవాళ్ళెవరూ ఎంబ్లెమ్ అమ్మరు, కానీ "రెండు రోజులు ఇవ్వండి, అచ్చు తీసుకుని తిరిగిచ్చేస్తాను, తీసిన కాపీల్లో ఒకటి మీకూ ఇస్తాను" అంటే ఇచ్చేవాళ్ళు ఆశ్చర్యంగా ఎక్కువమందే ఉంటారు. ఇవ్వడానికి మనసొప్పకపోతే వాళ్ళింటికే వెళ్ళి అచ్చు తీయొచ్చు. సిలికాన్ (పోశాక రబ్బరులా గట్టిపడే ద్రవం), ఒక చిన్న డబ్బా, గిలక్కొట్టడానికి కప్పు, అంతే సామాను.

మీకు ఎడమవైపు పేరు కావాలి, కుడివైపుది చేతిలో ఉంది. ఇక్కడ ఒక మోసం ఉంది చూడండి. పేరు రెండువైపులా ఒకేలా చదవాలి కాబట్టి ఒకే అచ్చు సరిపోతుందనిపిస్తుంది, అక్షరాల వరకు నిజమే. కానీ ఫెండర్ చదునుగా ఉండదు. కుడి ఫెండర్ వంపు ముందుకి తిరిగితే ఎడమది అద్దంలో బొమ్మలా దానికి ఎదురుగా తిరుగుతుంది, పేరు మొదటి అక్షరం కుడివైపు బానెట్ చివరకు దూరంగా ఉంటే ఎడమవైపు దగ్గరగా ఉంటుంది. కాబట్టి కుడిదాని వెనకవైపు, పిన్నుల పక్కగా, ఒక నిటారైన స్కేలు ఆనించి చూడండి. అన్నిచోట్లా సమంగా ఆనితే అదృష్టమే, ఒకే అచ్చు రెండింటికీ చాలు. ఎక్కడైనా సందు కనిపిస్తే ఎడమవైపుకి ఆ వంపు తిరగేసి పెట్టుకోవాలి. పిన్నుల చోట్లు కూడా రెండువైపులా ఒకటే కాకపోవచ్చు, పొరపాటున రెండోవైపు బిగించకుండా కంపెనీలు కావాలనే మార్చేవి. ఎడమ ఫెండర్ మీద రంధ్రాలు ఉన్నాయా, పెయింట్ చేసేటప్పుడు పూడ్చేశారా? ఉంటే పల్చటి కాగితం అతికించి పెన్సిల్‌తో రుద్ది వాటి ముద్ర తీసి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు పని, మాస్టర్. పోత పోసేవాడికి ఇచ్చే నమూనాని మాస్టర్ అంటాం. నేను చూసిన చెడ్డ కాపీల్లో పదింట తొమ్మిది పోతలో చెడలేదు, మాస్టర్‌లోనే చెడ్డాయి. మీరు చూసిన "వంపులు తేడాగా" ఉన్నవీ అంతే, అరిగిపోయిన ముక్క మీద నేరుగా అచ్చు తీసి, ఆ అరుగుదలని కూడా భక్తిగా కాపీ చేసి, ఆపైన బఫింగ్ చక్రం, అంటే మెరుగుపెట్టే గుడ్డచక్రం మీద ఇంకాస్త అరగదీసి అమ్ముతున్నారు. కాపీకి కాపీ తీసినకొద్దీ అంచు గుండ్రమవుతూ పోతుంది.

కాబట్టి అసలు ముక్క మీద పుట్టీ పెట్టడం, ఇసుకకాగితంతో రుద్దడం, గీకడం ఏదీ చేయకండి. దాన్ని మెత్తని బ్రష్, గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి, ఉన్నదున్నట్టుగా సిలికాన్ అచ్చు తీయండి. ఆ అచ్చులో పాలీయురిథేన్ రెజిన్ (పోశాక గట్టి ప్లాస్టిక్ అయ్యే ద్రవం) పోసి ఒక కాపీ తీయండి. ఇక మీ ప్రయోగాలన్నీ ఆ కాపీ మీదే. చెడగొట్టినా ఇంకోటి పోసుకుంటారు, అసలుది అల్మారాలో క్షేమంగా ఉంటుంది.

సిలికాన్‌లో రెండు రకాలున్నాయి, టిన్‌తో గట్టిపడేది, ప్లాటినంతో గట్టిపడేది. ప్లాటినం రకం దాదాపు కుంచించుకోదు, అచ్చు ఏళ్ళ తరబడి ఉంటుంది, కానీ మహా అలకబోతు. గంధకం ఉన్న మోడలింగ్ క్లే తగిలినా, టిన్ రకం సిలికాన్ ఆనవాళ్ళు తగిలినా, సరిగ్గా గట్టిపడని త్రీడీ ప్రింట్ రెజిన్ తగిలినా ఆ చోట జిగటగా ఉండిపోయి ఎప్పటికీ గట్టిపడదు. టిన్ రకం అంత పట్టింపు లేనిది, కొద్దిగా కుంచించుకుంటుంది, కొన్నేళ్ళకి పెళుసెక్కుతుంది. మొదటిసారి చేసేవాళ్ళు ప్లాటినం రకం వాడాలనుకుంటే ఎంబ్లెమ్ మీద పోసేముందు పనికిరాని ముక్క మీద చెంచాడు పోసి రాత్రంతా ఉంచి చూడాలి. ఒకే ఒక్క ఎంబ్లెమ్ మీద జిగట సిలికాన్ గోకుతూ కూర్చున్న రాత్రి నాకు బాగా గుర్తుంది. పోసేటప్పుడు మొదట పల్చగా బ్రష్‌తో అక్షరాల సందుల్లోకి రుద్దండి, బుడగలు అక్కడే దాక్కుంటాయి. తర్వాత మిగతాది ఒక మూలనుంచి సన్నటి దారలా, ఎత్తునుంచి పోయండి, తనంతట తానే పాకి నిండాలి.

రెజిన్ కాపీ చేతికొచ్చాక పొక్కులున్న చోట్ల గుంటలు పూడ్చి, లేచినవి రుద్దేసి, అక్షరాల అంచులకి పదును తిరిగి తేవాలి. 400 నంబరు నీటి ఇసుకకాగితంతో మొదలుపెట్టి 1000 దాకా వెళ్ళండి, కాగితాన్ని వేలితో కాకుండా చదునైన చిన్న చెక్కముక్కకి చుట్టి రుద్దండి, వేలితో రుద్దితే చదును ఉండాల్సిన చోట గుంట పడుతుంది. అయిపోయిందనుకున్నాక మెరిసే నల్ల పెయింట్ స్ప్రే చేసి ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూడండి. లైటు ప్రతిబింబం గీతలా నేరుగా సాగాలి, వణికితే అక్కడ ఇంకా ఎత్తుపల్లాలున్నాయి. క్రోమ్ ఏదీ దాచదు, పైగా తప్పుని దండోరా వేస్తుంది. నాకు ఒక పేరు మాస్టర్‌కి ఆరు సార్లు నల్ల పెయింట్ పడింది, ఇంట్లోవాళ్ళు ఈయనకి ఏదో అయిందనుకున్నారు. ప్లేటింగ్‌కి ముందు లోహాన్ని బఫింగ్ చేస్తారు కాబట్టి అక్షరాల మధ్య లోతులు, అంచులు మాస్టర్‌లో ఒక వెంట్రుకవాసి ఎక్కువే ఉంచండి, అరగాల్సింది అరిగాక సరిగ్గా సరిపోతుంది.

త్రీడీ పద్ధతి తప్పని నేను అనను. అసలు ముక్కే లేనప్పుడు, ఫొటో ఒక్కటే ఉన్నప్పుడు కంప్యూటర్లో గీయించడమే దిక్కు. అప్పుడు ఫొటో కూడా ఎదురుగా, దూరంనుంచి జూమ్ చేసి తీసింది కావాలి. దగ్గరగా తీసిన ఫొటోలో మధ్యభాగం ఉబ్బుతుంది, అంచులు వెనక్కి పోతాయి, దాని మీద గీసిన అక్షరాలు ఎన్ని రోజులు చూసినా ఏదో తేడాగానే కనిపిస్తాయి. స్కానింగ్ అంటారా, మెరిసే క్రోమ్‌ని స్కానర్ చూడలేదు, వెలుతురు చెదిరిపోతుంది, పైన తుడిస్తే పోయే తెల్లటి పౌడర్ స్ప్రే కొట్టాలి. వచ్చిన ఫైల్ కూడా అరిగిన అంచుల్నే చూపిస్తుంది, ఎవరో ఒకరు కూర్చుని గీతల్ని మళ్ళీ పదును చేయాల్సిందే. ఇక ప్రింట్‌లో పొర మందం 0.05 మిల్లీమీటర్లే అయినా నల్ల పెయింట్ కింద మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, మళ్ళీ ఇసుకకాగితమే. మీ దగ్గర అసలు ముక్క ఉంది కాబట్టి సిలికాన్ దారే దగ్గర.

ప్రింట్ మీద నేరుగా క్రోమ్ స్ప్రే మాత్రం వద్దు. డబ్బాలో వచ్చే క్రోమ్ పెయింట్ అల్యూమినియం రేకుల పొడి, కొట్టినరోజు అద్దంలా ఉంటుంది, వేలు తగిలినా పైన క్లియర్ కోట్ (పారదర్శక పూత) వేసినా వెండికాగితంలా మబ్బేస్తుంది. అసలు క్రోమ్‌లో ఒక నీలిఛాయ ఉంటుంది, పక్కనే ఉన్న బంపర్ ఈ గుట్టు వెంటనే బయటపెడుతుంది.

పేరుకి ఇత్తడి అన్నవాళ్ళ మాట సరైనదే. ఇంట్లో జింకు కరిగించి పోసి ఆ నాణ్యత తీసుకురాలేం, కంపెనీలకి ఒత్తిడితో పోసే పెద్ద యంత్రాలు, ఉక్కు అచ్చులు ఉండేవి. ఇత్తడి లేదా కంచు మైనం పద్ధతిలో (మైనపు నమూనా చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోయడం) పోయిస్తే సన్నటి అక్షరాలు కూడా చక్కగా వస్తాయి, మన్నిక అసలుదానికంటే ఎక్కువ, ప్లేటింగ్ వాళ్ళకి అలవాటైన లోహం. సరిచేసిన మాస్టర్ మీద ఇంకో సిలికాన్ అచ్చు తీసి, అందులో మైనం పోసి ఆ మైనపు పేర్లని నగలు పోత పోసేవాళ్ళకి ఇవ్వొచ్చు, వాళ్ళ చేతికి ఈ సన్నపని కొత్త కాదు. విగ్రహాలు పోసేవాళ్ళూ చేస్తారు.

కానీ కుంచించుకోవడం గుర్తుపెట్టుకోండి. ఇత్తడి చల్లారేటప్పుడు దాదాపు ఒకటిన్నర శాతం తగ్గుతుంది, మైనం తగ్గేది దానికి అదనం. 200 మిల్లీమీటర్ల పేరు కనీసం 3 మిల్లీమీటర్లు పొట్టిగా వస్తుంది. చూపుకి తెలియదు, ఫెండర్ రంధ్రాలకి తెలుస్తుంది. మాస్టర్‌ని ఆ మేరకు పెద్దదిగా చేయాలంటే కంప్యూటర్ ఫైల్‌లో ఒక్క నొక్కు పని, రెజిన్ కాపీని సాగదీయలేం కదా. నేను చేసేదేమిటంటే పిన్నులు పోతలో పెట్టను. పేరు పోత పోయించి, శుభ్రం చేసి, వంపు సరిచేసి, ఫెండర్ ముద్ర కాగితం మీద పెట్టి, పిన్ను ఎక్కడ రావాలో గుర్తు పెట్టి, అక్కడ మరలున్న సన్నటి ఇత్తడి కడ్డీ ముక్కల్ని వెండి టంకంతో అతికిస్తాను. 3 మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు, రంధ్రాలు మాత్రం తు.చ. తప్పకుండా కలుస్తాయి. ఇదంతా ప్లేటింగ్‌కి ముందే, ఆ తర్వాత మంట చూపించారో పూత నల్లబడుతుంది. మరలకి మాత్రం పూత పడకుండా టేపు చుట్టించండి, లేకపోతే నట్టు ఎక్కదు. పొడవాటి సన్నటి పేరు పోతలో మెలితిరుగుతుంది కాబట్టి మైనంలోనే వెనకవైపు అడ్డంగా ఒక పట్టీ అతికించి, పోత అయ్యాక కోసేయడం మంచిది.

కుడివైపుది? దాన్ని అలాగే ఉంచేయండి. జత కలవాలని రెండూ కొత్తవి చేయించుకునేవాళ్ళున్నారు, కారుకి రెండువైపులా ఒకేసారి నిలబడి చూడగలిగినవాడు ఇంకా పుట్టలేదు. విరిగిన పిన్నుకి వెల్డింగ్ జోలికి పోకండి, జింకు చేతిలో కరిగిపోతుంది. రెండు పిన్నులు బాగున్నాయి కదా, మూడో చోట ఎంబ్లెమ్‌లకి వాడే పల్చటి రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు ముక్క చాలు. మనసు ఒప్పకపోతే చదును తలున్న చిన్న మర వెనక ఎపాక్సీతో అతికించండి, అతికించే చోటు ముందు గరుకు చేసి.

బానెట్ చట్రానికి వద్దాం. దానికీ మొదట సిలికాన్ అచ్చు, అది బీమా లాంటిది. ఆ తర్వాత దాన్ని జింకు పోతలు బాగుచేయడమే పనిగా పెట్టుకున్న ప్లేటింగ్ వాళ్ళకి ఇవ్వొచ్చు. వాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి, గుంటలు ఎలా పూడుస్తారని. "ప్రతి పొక్కునీ తొలిచి మచ్చ మొత్తం తీసేసి, రాగి పూత వేసి, గుంటని టంకంతో నింపి, చదును చేసి, మళ్ళీ రాగి వేసి, మళ్ళీ రుద్ది" అని విసుగు లేకుండా చెప్పారంటే వాళ్ళకి పని తెలుసు. జింకు మీద మొదటి రాగి పూత మామూలు ఆమ్ల రాగి ద్రావణంలో వేయకూడదు, అందులో జింకు కరుగుతుంది, దానికి వేరే క్షార ద్రావణం ఉంటుంది. ఆ సంగతి అడిగినా చాలు, ఎదుటివాళ్ళు మిమ్మల్ని తేలిగ్గా తీసుకోరు. మెరుపంతా క్రోమ్‌ది అనుకుంటాం గానీ పైనున్న క్రోమ్ అర మైక్రాన్ కూడా ఉండదు, నిలబెట్టేది కింద పదుల మైక్రాన్ల నికెల్. నికెల్ మందంగా వేయమని కాగితం మీద రాసివ్వండి. "అక్షరాల మీద, అంచుల మీద బఫింగ్ తక్కువ" అని కూడా రాయండి, ఎర్ర ఇంకుతో. ఇంట్లో క్రోమ్ ప్లేటింగ్ కిట్ కొనే ఆలోచన ఉంటే మానుకోండి, సంప్రదాయ క్రోమ్ ద్రావణంలో ఉండే ఆరు సంయోజకత క్రోమియం క్యాన్సర్ తెచ్చే విషం.

ఎర్ర బిళ్ళ దగ్గర మీకు అన్నిటికంటే ఎక్కువ సరదా, ఎక్కువ విసుగు రెండూ ఉంటాయి. అది అక్రిలిక్. చిహ్నం లోపల తేలుతున్నట్టు కనిపించడానికి కారణం, దాన్ని వెనకవైపునుంచి గుంటగా అచ్చువేసి రంగులు కూడా వెనకనుంచే వేశారు. అంటే రంగుల వరస తిరగబడుతుంది, ముందు కనిపించాల్సిన బంగారు రంగు మొదట వేయాలి, నేపథ్యం ఆఖరున. పాత బిళ్ళని స్పిరిట్‌తోగానీ థిన్నర్‌తోగానీ తుడవకండి, అక్రిలిక్ సన్నని జాలంలా పగుళ్ళు తీస్తుంది, మీ పగుళ్ళు కూడా ఎవరో అలా తుడిచినవే అయ్యుండొచ్చు. కొత్తది చేయడానికి పారదర్శక రెజిన్ పోయడం ఒక దారి, బుడగలు పోవడానికి గాలి ఒత్తిడి పాత్రలో పెట్టి గట్టిపడనివ్వాలి. మామూలు ఎపాక్సీ ఎండకి పసుపెక్కుతుంది, ఎండని తట్టుకునే పాలీయురిథేన్ రకం తీసుకోండి. అచ్చు ఎంత మెరిస్తే బిళ్ళ అంత మెరుస్తుంది, మాస్టర్ మీద వేలిముద్ర పడినా బిళ్ళలో కనిపిస్తుంది. నా ఓటు మాత్రం అక్రిలిక్ దిమ్మనుంచి సీఎన్‌సీ యంత్రం (కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రం) మీద చెక్కించి పాలిష్ చేయడానికే, అసలు పదార్థమే కాబట్టి వెలుతురు అసలుదానిలాగే వంగుతుంది. ఎరుపు ఛాయ కోసం పాత బిళ్ళ ముఖం చూడకండి, ఎండకి వెలిసిపోయి ఉంటుంది. చట్రం కింద దాక్కున్న అంచుని చూడండి, అక్కడ అసలు ఎరుపు భద్రంగా ఉంటుంది.

ఇది చదివి, మా ఎంబ్లెమ్‌లో ఉన్నది ప్లాస్టిక్ కాదు గాజులాంటి ఎనామెల్ అని ఎవరైనా అడిగేలోపు ఒక్క మాట. దాన్ని రాగి మీద 800 డిగ్రీల చుట్టుపక్కల కొలిమిలో కాల్చి కరిగిస్తారు, అది వేరే విద్య, నగల ఎనామెల్ చేసేవాళ్ళ చేతిలో పెట్టడమే మేలు. రంగు ఎపాక్సీతో పూడ్చిన నకిలీ దూరంనుంచి బాగానే ఉంటుంది. పాత ఎనామెల్‌లో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దకండి.

చట్టం సంగతి మీరు అడగలేదు, కానీ నలుగురూ అడుగుతారు. ఎంబ్లెమ్ అంటే ఎవరిదో ట్రేడ్‌మార్క్. మీ ఒక్క కారుకి ఒక్క పేరు చేసుకోవడం వేరు, మిగిలినవి పది పోసి అమ్మడం వేరు, రెండోదానికి కంపెనీ లైసెన్సు ఉండాలి. అరువిచ్చినవాళ్ళకి ఒకటి ఇవ్వండి, అంగడి మాత్రం తెరవకండి. ఇంకా, మీరు చేసినదాని వెనక ఏడాదీ "కాపీ" అన్న మాటా చిన్నగా చెక్కండి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా రాసుకున్న టూరిన్ ఛార్టర్ అనే నియమావళి కూడా మార్చిన భాగాల మీద చెరగని, కంటికి కొట్టొచ్చినట్టు కనపడని గుర్తు ఉండాలనే చెబుతుంది. రేపు ఈ కారు కొన్నవాళ్ళు ఇది అసలుదనుకుని దాని మీద మళ్ళీ అచ్చు తీస్తే, పైన చెప్పిన అరుగుదల కథ మొదటికొస్తుంది.

బిగించేటప్పుడు పెయింట్‌కి, లోహానికి మధ్య పల్చటి రబ్బరు గ్యాస్కెట్ పెట్టండి. ఇత్తడీ ఉక్కూ తడిలో నేరుగా తాకితే తుప్పు పట్టేది మీ ఫెండర్‌కే. నట్లు వేళ్ళతో తిప్పి, ఆనాక పావు చుట్టు, అంతే. ముఖ్యంగా కుడిదానికి, మిగిలిన ఆ రెండు పిన్నులూ డెబ్బై ఏళ్ళ జింకే. ఎడమ ఫెండర్ రంధ్రాలు పూడ్చేసి ఉంటే కొత్తవి వేయడానికి తొందరపడకండి, పేరు ప్లేటింగ్ అయ్యి చేతికొచ్చాక, కుడివైపు ఫొటోని తిరగేసి కొలతలు చూసుకుని, మాస్కింగ్ టేపు మీద గుర్తు పెట్టి, ఆ టేపు మీదనుంచే డ్రిల్ వేయండి.